వేరుసెనగయా, కొఱ్ఱయా?



మా పొరుగింటి యిల్లాలు ఒకయేడు వేరుసెనగ విత్తనములకై చెవికమ్మలు కుదువబెట్టెను. శ్రావణమున వాన మొగము చాటువేసెను. కమ్మలు మరల నింటికి రాలేదు. చేని మూలను చల్లిన కొఱ్ఱయే యా యేడు బిడ్డలకు కూడు పెట్టెను.

అనంతపురపు సీమలో నేడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానయే కురియును. అదియు వేళకు రాదు. వేరుసెనగ దక్షిణ అమెరికానుండి వచ్చినది. తేలికయైన యెఱ్ఱనేలలు దానికి హితము. పూచినపిమ్మట ఊడలు నేలలోనికి దిగి కాయలగును. అప్పుడు పదును లేనిచో ఊడ దిగదు, కాయ నిలువదు. ఎకరమునకు సుమారు 50 కిలోల విత్తనపుపప్పు కావలెను. పండెనా, నూనెయు, పశువులకు కట్టెయు, చేతికి రూకలును లభించును.

కొఱ్ఱకు ఎకరమునకు 2 కిలోల విత్తనము చాలును. మూడునెలలలోపల కోతకు వచ్చును. గింజ మనకు, గడ్డి పశువులకు. పొట్టుతో నుంచిన గింజ చిరకాలము చెడదు. దంచుట కష్టమని మనమే దానిని విడిచితిమి. 1983లో రెండురూపాయలకు కిలోబియ్యము వచ్చినపిమ్మట బొత్తిగా మఱచితిమి. నేడు మర యున్నది, రోకటిపోటు లేదు.

వేరుసెనగను మానుమని నేననను. అది అంగడి పంట, కొఱ్ఱ యింటి పంట. మగవారు విత్తనములకు బయలుదేఱునపుడు “ఒక యెకరము కొఱ్ఱకు విడువుడు” అని చెప్పుట మన వంతు. ఆ మాటకు నగలు కుదువబెట్టనక్కఱలేదు.