తిరుగు దారి చూసుకున్నాకే కొత్త తలుపు

సర్వర్ ఎక్కడో డేటా సెంటర్‌లో ఉంటుంది. దాన్ని చూసుకునే ఉద్యోగి తన ఊళ్లోనే కూర్చుని ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా ఆదేశాలు పంపుతాడు. ఆదేశాలు టైప్ చేసే బదులు తెర మీద మౌస్‌తో పని చేసుకోవచ్చని, అదే మార్గంలో ఎక్స్‌ఆర్‌డీపీ లాంటి రిమోట్ డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్‌ను ఇన్‌స్టాల్ చేస్తాడు. చూడటానికి ఇది చిన్న పనే. కానీ కూర్చున్న కొమ్మనే నరుక్కునే ప్రమాదం ఇందులో ఉంది. ఫైర్‌వాల్‌ను ఆన్ చేసేటప్పుడు ఎస్‌ఎస్‌హెచ్ సాధారణంగా వాడే 22వ పోర్టును అనుమతించడం మరిచిపోతే చాలు. సర్వర్ నడుస్తూనే ఉంటుంది, దాన్ని చేరే దారి మాత్రం మూసుకుపోతుంది.

దూరం నుంచి యంత్రాలను నడపడంలో అంతరిక్ష శాస్త్రజ్ఞులకు ఇది పాత పాఠమే. 1982 నవంబరులో అంగారకుడిపై ఉన్న వైకింగ్-1కు బ్యాటరీ ఛార్జింగ్ కోసం కొత్త సాఫ్ట్‌వేర్ పంపారు. యాంటెన్నాను భూమివైపు తిప్పే సమాచారం దానివల్ల చెరిగిపోయింది. ఆ ల్యాండర్ మళ్లీ పలకలేదు. 2023 జులైలో ఒక తప్పు ఆదేశంతో వాయేజర్-2 యాంటెన్నా కూడా 2 డిగ్రీలు పక్కకు తిరిగింది. అయితే నిర్ణీత తేదీల్లో తన దిశను తానే సరిచేసుకునే ఏర్పాటు అందులో ముందే ఉంది. తర్వాతి తేదీ అక్టోబరు 15. ఈలోగా ఆగస్టులోనే నాసా శక్తిమంతమైన సంకేతంతో దాన్ని దారికి తెచ్చింది.

సర్వర్ విషయంలోనూ ఈ జాగ్రత్త నియమం కావాలి. పది నిమిషాల తర్వాత ఫైర్‌వాల్ పాత స్థితికి వచ్చేలా ముందే టైమర్ పెట్టాలి. కొత్త కనెక్షన్ కుదిరిందని తేలాకే దాన్ని రద్దు చేయాలి. క్లౌడ్ సంస్థ ఇచ్చే కన్సోల్‌లోకి వెళ్లగలమో లేదో పని మొదలెట్టకముందే చూసుకోవాలి.

దారి తెగడం ఒక ప్రమాదమైతే, అందరికీ తెరుచుకోవడం మరొకటి. ఎక్స్‌ఆర్‌డీపీ మామూలుగా 3389వ పోర్టును వాడుతుంది. దాడి చేసేవారు మొదట తట్టి చూసే తలుపుల్లో అదొకటి. విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ సేవలో బయటపడిన బ్లూకీప్ లోపం ఎంత తీవ్రమైనదంటే, 2019 మే నెలలో మైక్రోసాఫ్ట్ అప్పటికే మద్దతు ఆపేసిన విండోస్ ఎక్స్‌పీకి కూడా సవరణ విడుదల చేసింది. అందుకే ఈ పోర్టును నేరుగా ఇంటర్నెట్‌కు వదలకూడదు. వీపీఎన్ లేదా ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్ వెనకే ఉంచాలి.

చిన్న కార్యాలయాల్లో ఇంత తీరిక ఎక్కడిదని అడగవచ్చు. నిజానికి ఒక్క మనిషి మీదే ఆధారపడిన చోటే ఈ నియమాలు మరింత అవసరం. అక్కడ సర్వర్ అందకుండా పోతే ఆసుపత్రిలో రోగుల రికార్డులు, కళాశాలలో పరీక్షా ఫలితాలు ఆగిపోతాయి. అసలు ఆ సర్వర్‌కు డెస్క్‌టాప్ అవసరమా అన్నది మొదట వేసుకోవాల్సిన ప్రశ్న. ఆదేశాలతోనే పని జరిగిపోతుంటే, కాపలా కాయాల్సిన తలుపు ఒకటి తగ్గినట్టే.