ఇమేజ్ ఉంది, బూట్ కాలేదు

మా నాన్నకి చర్లపల్లి ఇండస్ట్రియల్ ఏరియాలో చిన్న లేత్ వర్క్‌షాప్ ఉంది. పోయిన నెల 18న కరెంటు హెచ్చుతగ్గులకి అక్కడి పీసీ మదర్‌బోర్డ్, డిస్క్ రెండూ పోయాయి. బిల్లులన్నీ అందులోనే. జీఎస్టీ రిటర్న్‌కి 20 ఆఖరు తేదీ. "ఏం కాదు నాన్నా, డిస్క్ ఇమేజ్ తీసి పెట్టిన" అన్నాను, సీఎస్ఈ స్టూడెంట్‌నన్న గర్వంతో.

సికింద్రాబాద్ సీటీసీ నుంచి కొత్త బోర్డ్, ఎస్ఎస్‌డీ తెచ్చి రీస్టోర్ చేశా. బ్లూ స్క్రీన్: ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్. ఇమేజ్ పాడవలేదు. పాత విండోస్‌కి తెలిసింది ఏహెచ్‌సీఐ డ్రైవర్. కొత్త బోర్డ్ స్టోరేజ్‌ని రెయిడ్ మోడ్‌లో పెట్టింది. రాత్రి రెండింటికి బయోస్‌లో మోడ్ మారిస్తే లేచింది. లేవగానే యాక్టివేషన్ అడిగింది. ఆ లైసెన్స్ పాత బోర్డ్‌కి ముడిపడి ఉంది మరి.

పొద్దున నాన్న ఒక్కటే అడిగాడు: "నాకు కావాల్సింది బిల్లుల ఫైలే కదరా. మొత్తం కంప్యూటర్‌ని ఎందుకు లేపుతున్నవ్?"

నిజమే. నా ల్యాప్‌టాప్‌లో ఆ ఇమేజ్‌ని డ్రైవ్‌లా తెరిచి ఫోల్డర్ కాపీ చేసుకుంటే అయిపోయేది.

అందుకే చెప్తున్నా. డిస్క్ మాత్రమే పోతే ఇమేజ్ చాలు. మెషీనే మారితే చిక్కే, అందుకని ఫైళ్లు విడిగా కాపీ చేసుకోండి. బిట్‌లాకర్ ఉంటే రికవరీ కీ కాగితం మీద రాసుకోండి, బోర్డ్ మారితే అదే అడుగుతుంది. ఒక్కసారైనా వేరే మెషీన్‌లో రీస్టోర్ చేసి చూడండి. మనం బ్యాకప్ తీయడం దగ్గరే ఆగిపోతాం.

రిటర్న్ 20న సాయంత్రం వేశాం. ఇప్పుడు ప్రతి శనివారం నాన్నే పెన్‌డ్రైవ్ తెచ్చి నా చేతిలో పెడుతున్నాడు.