సారా రాబడి ఎవరిది?

మద్యనిషేధము వలదనువారు నేటికిని రెండు మాటలే చెప్పుచున్నారు: దొంగసారా పెరుగును, ఖజానా తరుగును. మొదటి మాటలో నిజము లేకపోలేదు; 1995లో వచ్చిన సంపూర్ణ నిషేధము 1997లో సడలింపబడుట మనమెరుగుదుము. రెండవదానికి మన నెల్లూరు సీమ ఏనాడో బదులు చెప్పినది. రాత్రిబడిలో సీతమ్మ కథ చదువుకొన్న దూబగుంట స్త్రీలు, రోశమ్మ ముందు నడువగా, సారాకొట్టు మూయించిరి. వారికి సంఘము లేదు, చందా పుస్తకము లేదు, మావంటి ప్లీడర్ల సలహాయును లేదు! 1992లో ఆ మాట జిల్లా అంతటను పాకి, వేలముపాటలు నిలిచిపోయినవి. 1993 ఏప్రిలులో జిల్లాయందును, అక్టోబరు 1న రాష్ట్రమంతటను సారా నిషిద్ధమయ్యెను. ఖజానాకు చేరిన ఆ రూపాయి కూలివాని ఇంటి బియ్యపుకుండలోనిదే. అది బడ్జెటులో రాబడిగా వ్రాసికొనువారు, ఊరిలో కొట్టు తెరచుటకు ముందు ఆ ఊరి స్త్రీలనొకమాట అడుగవలదా?