బురుజు ఎక్కి ఏమి చూచినాము?

ఎత్తైన చోటెక్కి నలుదిక్కులు చూడవలెనను కోరిక మనిషికి సహజము. పసిబిడ్డ తండ్రి భుజమెక్కి తిరునాళ్ళ చూచును. పశులకాపరి గుట్ట ఎక్కి దారి తప్పిన దూడను వెదకును. రాజు బురుజు కట్టించి శత్రువు రాకను కనిపెట్టును. అయితే ఎక్కినంత మాత్రమున చూచినట్లు కాదని, గత సంవత్సరము మా విద్యార్థులతో కలిసి కర్నూలులోని కొండారెడ్డి బురుజు ఎక్కి దిగిన తరువాతనే మాకు బోధపడినది. ఆ సంగతిని విద్యార్థుల ఎదుటను, కళాశాల కమిటీ పెద్దల ఎదుటను ఉంచుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

విహారయాత్ర అనగానే మన పిల్లలు హైదరాబాదు అందురు, బెంగుళూరు అందురు. కర్నూలు అని నిర్ణయించినప్పుడు కొందరు పెదవి విరచినారు. కాని మన మార్కాపురం, గిద్దలూరు ప్రాంతములు 1970వ సంవత్సరము వరకు కర్నూలు జిల్లాలోనివే. ఒంగోలు కేంద్రముగా కొత్త జిల్లా ఏర్పడు దాక మన తాతలు భూమి తగాదాకైనను, జిల్లా కోర్టుకైనను నల్లమల దాటి కర్నూలే పోయినారు. ఆ జిల్లాకు 1972లో టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టినారు. ఆ ప్రకాశంగారు ఆంధ్ర రాష్ట్రమునకు తొలి ముఖ్యమంత్రియై 1953లో పరిపాలన ఆరంభించినది కర్నూలు నుండియే. కనుక కర్నూలు మనకు పరాయి ఊరు కాదు. మన ఇంటి పాత గది వంటిది.

దోర్నాల దాటి ఘాట్ రోడ్డున అడవిలో ప్రయాణించి ఆత్మకూరు మీదుగా కర్నూలు చేరినాము. హంద్రీ నది తుంగభద్రలో కలియు చోట వెలసిన పట్టణమది. పట్టణము నడుమ నిలిచిన ఈ బురుజు విజయనగర చక్రవర్తి అచ్యుతదేవరాయల కాలమున, అనగా 16వ శతాబ్దిలో, కట్టిన కోటలోని భాగము. తరువాత ఆ కోట బిజాపూరు సుల్తానుల సర్దార్లకు, అటుపిమ్మట నవాబులకు దక్కినది. ఆయుధములు రహస్యముగా కూడబెట్టినాడను నెపమున ఇంగ్లీషువారు చివరి నవాబు గులాం రసూల్ ఖానును 1839లో పదవి నుండి తొలగించినారు. కొండారెడ్డి అను సామంతుని ఇందులో బంధించినారని, అందువలన ఆ పేరు వచ్చినదని జనశ్రుతి. బురుజు నుండి తుంగభద్ర అడుగున సొరంగమున్నదని కూడ చెప్పుకొందురు. ఇవి చరిత్రకు నిలుచునా అన్నది వేరు మాట. ఒక ఊరు తన కట్టడమును ఎంతగా తలచుకొనుచున్నదో తెలుపుటకు అవి చాలును.

పేరు విషయమున ఒక మాట. ఉర్దూ, తెలుగు రెండును చదువుకొను మన కళాశాలలో ఈ మాట చెప్పకుండుట తగదు. 'బురుజు' అరబ్బీ 'బుర్జ్' నుండి ఫారసీ మీదుగా మన భాషకు వచ్చి అచ్చ తెలుగు మాటవలె స్థిరపడినది. పవిత్ర ఖురాన్‌లోని 85వ అధ్యాయమునకు 'అల్ బురూజ్' అని పేరు. అక్కడ అది ఆకాశమునందలి రాశులను చెప్పు శబ్దము. 'మినార్' అను శబ్దమునకు మూలార్థము వెలుతురు ఉండు చోటు అని. ఇక 'కొండారెడ్డి బురుజు' అనునప్పుడు ఒక తెలుగు రెడ్డి పేరు ప్రక్కన ఒక అరబ్బీ పదము ఎట్టి ఇబ్బందియు లేక కూర్చున్నది. ఈ రెండు భాషలు ఎట్లు కలిసి బ్రతికినవో చెప్పుటకు గ్రంథములు వెదకనక్కరలేదు. రిక్షావాడు పలుకు ఆ రెండు మాటలు చాలును.

ఇంత చెప్పి పిల్లలను పైకి తీసికొని పోయినాము. పైన జరిగినది పావుగంట. ఆ పావుగంటయు చేతి ఫోన్లలో బొమ్మలు తీసికొనుటకే సరిపోయినది. చలనచిత్రములో చూచిన చోటు అని ఒకరు, ఇక్కడ నిలువు అక్కడ నిలువు అని మరియొకరు. నదికి వీపు త్రిప్పి, పట్టణమునకు వీపు త్రిప్పి, తమ ముఖములనే తాము చూచుకొన్నారు. మేమును వారిని వారింపలేదు. పైగా వారి మధ్య నిలిచి ఒక బొమ్మ తీయించుకొన్నాము. తప్పులో మాకును పాలున్నది.

ఒక్క పిల్లవాడు మాత్రము గోడ దగ్గర నిలిచి రాతిని వ్రేలి కణుపుతో తట్టుచుండెను. ఏమని అడిగితిమి. "ఇది మన పలకరాయి కాదు సార్. మనది కొడితే మోగుతుంది. మోగని రాయి పలకకు పనికిరాదంటాడు మా నాయన" అన్నాడు. ప్రక్కవారు నవ్వినారు. ఆ బాలుని తండ్రి పలకల పనివాడని మాకు అప్పుడే తెలిసినది. మూడు సంవత్సరములుగా వాడు మా తరగతిలోనే ఉన్నాడు.

రెండవ సంగతి ఇంతకంటె మమ్ము సిగ్గుపడజేసినది. ఈ యాత్రకు బాలికలను తీసికొని పోలేదు. అడవి దారి, తిరిగి వచ్చునప్పటికి చీకటి పడునను కారణము చెప్పి వారిని మినహాయించినాము. బయలుదేరుటకు ముందునాడు బి.ఏ. చదువుచున్న ఒక విద్యార్థిని ఒక కాగితము తెచ్చి, "మీరు పోతున్నారు గదా సార్, ఇవి కాస్త కనుక్కొని రండి" అని ఇచ్చినది. అందు ఏడు ప్రశ్నలున్నవి. బురుజుకు మెట్లెన్ని? ఏ రాతితో కట్టినారు, ఆ రాయి ఎక్కడిది? పైనుండి చూచిన తుంగభద్ర ఏ దిక్కున, హంద్రీ ఏ దిక్కున? 2009 అక్టోబరు వరద పాత ఊరిలో ఎంతవరకు వచ్చినదో చెప్పగలవారున్నారా? శాసనమేదైన ఉన్నదా, ఉన్న ఏ లిపిలో? బురుజు చుట్టు ఏయే పనులవారు బ్రతుకుచున్నారు? మరల పోవునప్పుడు మమ్ము కూడ తీసికొని పోవుదురా?

తిరిగి వచ్చినాక ఆ కాగితము ముందు పెట్టుకొని కూర్చున్నాము. నదుల దిక్కు తప్ప మరి దేనికిని మా వద్ద సమాధానము లేదు. మెట్లు ఎక్కినవారము నలుబది మందిమి, లెక్కపెట్టినవారు ఒక్కరును లేరు. బురుజును నిజముగా చూచినది ఎవరు? ఎక్కిన నలుబది మందియా, మార్కాపురములో ఇంట కూర్చుండి ఆ కాగితము వ్రాసిన ఆ ఒక్క బాలికయా?

ఇక్కడ దూరదేశపు ఉదాహరణము ఒకటి చెప్పుట అప్రస్తుతము కాదు. జపాను దేశమున ఒసాకా అను నగరము నూలు మిల్లుల మూలమున 'తూర్పు మాంచెస్టర్' అని పేరు పొందినది. అక్కడ 1912లో ఒక ఎత్తైన బురుజు కట్టినారు. దాని పేరు త్సూతెన్‌కాకు, ఆకాశమును అందుకొను మేడ అని అర్థము. 1943లో దాని అడుగుననున్న సినిమాశాల తగులబడి బురుజు దెబ్బతినినది. అది యుద్ధకాలము. ఇనుము కావలెనని బురుజును విప్పివేసినారు. యుద్ధము ముగిసిన తరువాత, ఆ పేటలోని అంగళ్ళవారు మొదలగు స్థానికులు ఒక కంపెనీగా ఏర్పడి, సొమ్ము కూడబెట్టి, 1956లో 103 మీటర్ల ఎత్తున మరల నిలబెట్టుకొన్నారు. దాని శిఖరమున వెలుగు దీపములు మరునాటి వాతావరణమును తెలుపును. తెలుపైన ఎండ, నారింజ రంగైన మబ్బు, నీలమైన వాన.

మేము జపాను చూచినవారము కాము, చదివి తెలిసికొన్నవారము. అయినను ఈ వృత్తాంతమున మమ్ము ఆకర్షించినది ఆ కట్టడము ఎత్తు కాదు. మన బురుజును రాజు శత్రువును చూచుటకు కట్టించినాడు. ఒసాకా బురుజును అంగళ్ళవారు తమ ఊరిని తాము చూచుకొనుటకును, చూపుటకును కట్టుకొన్నారు. పనిచేసి బ్రతుకు ఊరికి తన పని మీద గౌరవముండిన గాని ఆ కోరిక పుట్టదు. మార్కాపురము కూడ పనిచేసి బ్రతికిన ఊరే. మనకా కోరిక ఉన్నదా?

మన ఊరి పలక మీద ఓనమాలును, అలీఫ్ బే లును దిద్దిన పిల్లలు దేశమున ఎందరో. మన కాళ్ళ క్రింది రాయి కోటానుకోట్ల సంవత్సరముల క్రిందట నీటి అడుగున పేరుకొన్న మెత్తని మట్టి. భూమి ఒత్తిడికి గట్టిపడి పొరలు పొరలుగా చీలు గుణము పొందినది. భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ పొరలకు మన కంభము పేరే పెట్టినారు. గనిలో దిమ్మె తీసి, అంచున సన్నని ఉలి నిలిపి, సుత్తితో మెల్లగా తట్టుచు పొర విడదీయుట చూచువారికి సులభముగా తోచును. చేసిన గాని దాని కష్టము తెలియదు. దెబ్బ ఎక్కువైన పలక పగులును, తక్కువైన పొర విడదు. ఆ రాయి పలకగా బడులకు, ఇంటి కప్పులకు గోడలకు పరచు బిళ్ళలుగా విదేశములకు పోయినది. కాగితపు నోటు పుస్తకము, ప్లాస్టిక్ పలక వచ్చిన తరువాత బడి పలకకు గిరాకి తగ్గినది. పనివారి రొమ్ములోనికి పోవు రాతి పొడి మాత్రము పోయినది పోయినట్లే ఉన్నది. మధ్యప్రదేశములోని మందసౌరులో బలపముల పనివారికి సిలికోసిస్ అను ఊపిరితిత్తుల వ్యాధి సోకుటను వైద్యులు పరిశోధించి వ్రాసినారు. మన పిల్లలలో ఎందరికి ఆ వ్యాధి పేరు తెలియును? పలకల పనివాని కుమారుడు బురుజు మీద తన తండ్రి విద్యను నోట పలికినప్పుడు తోటివారు నవ్వినారనిన, ఆ నవ్వు నేర్పినది మన చదువే కాదా?

కనుక కమిటీ పెద్దలకు మా మనవి ఇది.

యాత్ర మానవలసిన పనిలేదు. మార్చవలసి ఉన్నది. ప్రతి విద్యార్థి చేత ఒక నోటు పుస్తకము, అందు ముందుగా వ్రాసికొన్న ప్రశ్నలు ఉండవలెను. తిరిగి వచ్చిన వారము దినములలో సమాధానములు ఉర్దూలో గాని తెలుగులో గాని వ్రాసి ఇవ్వవలెను. దూరపు బురుజు ఎక్కుటకు ముందు సమీపమున ఉన్నవి చూపవలెను. ఒక దినము పలకల గని, ఒక దినము కంభము చెరువు కట్ట. గుండ్లకమ్మకు అడ్డముగా విజయనగర కాలమున కట్టిన ఆ చెరువును 2020లో అంతర్జాతీయ సంస్థవారు ప్రపంచ సాగునీటి వారసత్వ కట్టడముగా గుర్తించినారు. ఆ కట్టయే మనకు బురుజు. దాని మీద నిలిచి చూచిన ఒకవైపు నీరు, ఒకవైపు ఆ నీటితో బ్రతుకు పల్లెలు కనబడును.

రెండవది, కళాశాలలో ఒక చిన్న గది కేటాయించవలెను. ఉలి, సుత్తి, రాతి మచ్చులు, పాత పలకలు, వృద్ధులైన పనివారు చెప్పిన మాటలు అందు చేర్చవలెను. గనిలో వాడు మాటలు ఏ నిఘంటువులోను దొరకవు. ఆ వృద్ధులు పోయిన ఆ మాటలును పోవును. ఇందుకు పెద్ద ఖర్చు లేదు. ఒక బీరువా, ఒక రిజిస్టరు, పనిచేయు నలుగురు పిల్లలు చాలును.

మూడవది, బాలికలను వెంట తీసికొని పోవలెను. తల్లిదండ్రుల భయము అకారణమని మేమనము. అడవి దారి నిజమే, రాత్రి ప్రయాణము తగదు. అట్లైన తెల్లవారుజామున బయలుదేరి ప్రొద్దు గుంకక ముందే అడవి దాటునట్లు ఏర్పాటు చేయవలెను. అధ్యాపకురాండ్రు వెంట రావలెను, ఇష్టమున్న తల్లులును రావచ్చును. భయమునకు మందు జాగ్రత్త గాని, తలుపు మూయుట కాదు. ప్రశ్న వ్రాయగలిగిన పిల్లను ఇంట ఉంచి, ప్రశ్న లేని పిల్లలను బురుజు ఎక్కించుటలో న్యాయమెక్కడ?

పరీక్షలకు ఆటంకమని కొందరు అనవచ్చును. చూచుట నేర్వనివాడు పరీక్ష వ్రాసి ఏమి ప్రయోజనమని మేము తిరిగి అడుగుదుము. సొమ్ము చాలదని అనవచ్చును. దూరపు నగరమునకు ఒకసారి పోవు బస్సు కిరాయితో గని, చెరువు, కర్నూలు మూడును చూడవచ్చునని మా అంచనా.

విద్యార్థులారా, పై మాటలు కమిటీ వారికి. ఈ ఒక్క మాట మీకు. ఎత్తు మీద నిలిచినప్పుడు క్రింది మనుషులు చిన్నగా కనబడుదురు. అది దూరము చేయు మాయ గాని వారు చిన్నవారు కారు. దిగి వచ్చి వారి పని అడిగి తెలిసికొన్ననాడే మీరు బురుజు ఎక్కినట్లు.

ఆ కాగితము మా మేజా సొరుగులో భద్రముగా ఉన్నది. అందు ఆరు ప్రశ్నలకు సమాధానములు మేము మరల పోయి వెదకి తేగలము. ఏడవ ప్రశ్నకు సమాధానము కమిటీ పెద్దల చేతిలో ఉన్నది.