గేరు టక్కున పడితే చాలా?

నర్సంపేట, వర్ధన్నపేట రోడ్లపై క్లచ్ పెడల్ లేని కార్లు తిరుగుతున్నాయి. సెకండ్ హ్యాండులో కొన్నవారికి గేరు ఆలస్యంగా పడుతోందన్న దిగులు. కిట్టు వేయిస్తే టక్కున పడుతుందన్న సలహా సిద్ధం. ఎనుమాములలో పత్తి అమ్మిన సొమ్ము దానికి పోసేముందు రైతు సోదరులు ఆలోచించాలి.

ఆటోమేటిక్ కార్లన్నీ ఒకటి కావు. 2014లో మారుతి సెలెరియోతో మన దేశానికి వచ్చిన ఏ.ఎం.టి.లో ఉన్నది మామూలు గేరుబాక్సే. క్లచ్ నొక్కి గేరు మార్చే పని మాత్రం యంత్రం చేస్తుంది. ఆయిల్ ఒత్తిడి పెంచే కిట్టు దానికి పనికిరాదు. టార్క్ కన్వర్టర్ రకంలో ఆయిల్ ఒత్తిడితోనే లోపలి ప్లేట్లు పట్టుకుంటాయి. ఒత్తిడి పెంచితే జారకుండా త్వరగా పట్టుకునే మాట నిజమే. హద్దు మీరితే ఆ దెబ్బ షాఫ్టులకు, మౌంటింగులకు తగులుతుంది. అరిగిన ప్లేట్లను ఏ కిట్టూ కొత్తవి చేయదు.

కనుక ముందు ఆయిల్ చూపించాలి. తగ్గినా, పాతబడినా గేరు ఆలస్యమవుతుంది. మాడు వాసన వస్తే ప్లేట్లు కాలుతున్నట్లే. కంపెనీ పుస్తకంలో చెప్పిన ఆయిలే పోయించాలి.

ఆగిపోయిన కారును ట్రాక్టరుకు కట్టి లాగడం మరో ముప్పు. టార్క్ కన్వర్టర్ బండిలో ఇంజను ఆగితే ఆయిల్ పంపు ఆగుతుంది. చక్రాలు తిరిగే కొద్దీ గేరుబాక్సు లోపల ఆయిల్ అందక దెబ్బతింటుంది. ఇంజను తిప్పే చక్రాలను పైకెత్తి తీసుకెళ్లాలి.

ఇవన్నీ చెప్పగల మెకానిక్కు మండలానికి ఒక్కరైనా ఉండాలి. వరంగల్ ఐ.టి.ఐ.లో గ్రామ మెకానిక్కులకు ఈ పనిపై కొద్దిరోజుల తరగతులు పెట్టే విషయం అధికారులు పరిశీలించాలి.