ఇరుసుకి అతుకు వద్దు

జీపు వెనక యాక్సిల్ షాఫ్ట్ విరిగితే "వెల్డింగ్ పెట్టించెయ్, సరిపోద్ది" అనేవాళ్లు మా కొండపల్లిలో చాలామందే. నేనొప్పుకోను. కొయ్యబొమ్మకి చెయ్యి అతికించడానికి చింతగింజల మక్కు చాలు. ఇది బొమ్మ కాదు కదా! షాఫ్ట్ అంటే వేడిచేసి చల్లార్చి గట్టిపరిచిన స్టీలు. వెల్డింగ్ వేడికి ఆ గుణం పోయి, అతుకు పక్కనే మళ్లీ విరుగుతుంది.

"ఫోర్ వీల్ వేసి లాగించెయ్" అన్నది ఇంకో సలహా. ఫుల్ ఫ్లోటింగ్ ఇరుసైతే బరువంతా హౌసింగే మోస్తుంది, విరిగిన ముక్కలు తీసేసి ముందు చక్రాలతో మెల్లగా రావచ్చు. సెమీ ఫ్లోటింగ్‌లో బండి బరువు కూడా షాఫ్ట్ మీదే. చక్రమే ఊడి రావచ్చు. ఖిల్లా ఘాట్‌లో దిగేటప్పుడు ఊడితే? వెనక జనం కూర్చుని ఉంటారు.

బెజవాడ ఆటోనగర్ ఇంత దగ్గర్లో పెట్టుకుని అతుకులెందుకు? కొత్తది వేయించేటప్పుడు రెండో వైపు షాఫ్ట్ కూడా బయటికి లాగించి చూడండి. స్ప్లైన్లు మెలితిరిగి ఉంటే అదీ మార్చాల్సిందే.