విత్తం కన్నా విశ్వాసం మిన్న అన్నవారు

ధనం కన్నా దైవం గొప్పదని చెప్పని మతం లేదు. చెప్పడంలో కష్టమూ లేదు. శుక్రవారం మసీదులోను, ఆదివారం చర్చిలోను, కార్తీక మాసపు పురాణ కాలక్షేపంలోను ఈ మాట వింటూనే ఉంటాం; విని బయటికి వచ్చి, ఎకరం ధర ఎంత పలుకుతున్నదో మాట్లాడుకుంటాం. నాగార్జునసాగర్ ఎడమ కాలువకు 1967లో నీరు వదిలిన నాటినుండి మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాలలో నేల విలువ, బియ్యపు మిల్లుల సంఖ్య పెరుగుతూనే వచ్చాయి. సంపద పెరగడం తప్పని నేననను. ఆకలిగొన్నవానికి వైరాగ్యం బోధించడం కన్నా క్రూరమైన పని మరొకటి లేదు. అయితే విశ్వాసం కోసం ఐహిక లాభాన్ని వదులుకున్నవారు నిజంగా ఉన్నారా అన్న ప్రశ్న వచ్చినప్పుడు మనం సాధువుల చరిత్రలలో వెదుకుతాం. వారు మన ఊరి చివరి వాడలోనే ఉన్నారని ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నాను.

ఈ ఆలోచనకు మూలం నా పొరపాటు ఒకటి. కొన్నేళ్ళ క్రితం ప్రవేశాల వేళ విద్యార్థుల దరఖాస్తులు పరిశీలించే పని నా మీద పడింది. మిర్యాలగూడలో ఒక మిల్లులో హమాలీ పని చేసే వ్యక్తి కుమారుని వెంటబెట్టుకొని వచ్చాడు. దరఖాస్తులో ‘మతం’ అన్న గడిలో క్రైస్తవం అని రాసి ఉన్నది. కుల ధ్రువపత్రంలో బి.సి. – సి అని ఉన్నది. మాటల మీద తెలిసిందేమంటే, అతని అన్నదమ్ములూ చర్చికి వెళ్ళేవారే గాని, వారి పిల్లలందరికీ షెడ్యూల్డు కులపు పత్రాలున్నాయి. నేను ఉపకారం చేస్తున్నాననుకొని, పత్రం మార్పించుకొని రమ్మని, లోకంలో అందరూ చేస్తున్నది అదేనని సలహా ఇచ్చాను. అతడు కోపగించుకోలేదు. ఆదివారం ఒక పేరు, సోమవారం ఒక పేరు పెట్టుకొని బతకడం తమ ఇంట్లో లేదని నెమ్మదిగా చెప్పి, ఫీజు కట్టవలసిన ఆఖరు తేదీ ఎప్పుడని అడిగాడు. పాఠాలు చెప్పడం నా వృత్తి. ఆనాడు పాఠం విన్నవాడిని నేను.

ఆ గడిలో రాసే ఒక్క మాట విలువ ఎంతో తెలియని మిత్రుల కోసం కొంత వివరించాలి. 1950 ఆగస్టు 10న వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం, హిందూ మతం కాక వేరొక మతాన్ని అవలంబించేవాడు షెడ్యూల్డు కులానికి చెందినవాడుగా పరిగణింపబడడు. ఈ నిబంధన 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలింది. క్రైస్తవులకు, ముస్లిములకు సడలలేదు. షెడ్యూల్డు కులాలనుండి క్రైస్తవం స్వీకరించినవారిని, వారి సంతతిని మన రాష్ట్రంలో బి.సి. – సి వర్గంలో చేర్చారు. దాని వాటా నూటికి 1. షెడ్యూల్డు కులాల వాటా నూటికి 15. కొన్ని చదువు రాయితీలను రాష్ట్ర ప్రభుత్వం 1977లో వీరికీ వర్తింపజేసింది గాని, రాజ్యాంగబద్ధమైన హక్కులు ఇవ్వడం దాని చేతిలో లేదు. మన పక్కనున్న తుంగతుర్తి శాసనసభ స్థానం షెడ్యూల్డు కులాలకు కేటాయింపబడినది. తాను క్రైస్తవుడినని కాగితం మీద ఒప్పుకున్న దళితుడు అక్కడ అభ్యర్థిగా నిలబడలేడు. అత్యాచారాల నిరోధానికి 1989లో వచ్చిన చట్టపు రక్షణ కూడా అతనికి అందదు. బాప్తిస్మం తీసుకున్న మరునాడు ఊరు అతన్ని వేరొక చూపుతో చూస్తుందా? చూడదు. పెళ్ళి సంబంధం దగ్గర, అద్దె ఇంటి దగ్గర పాత కులమే ముందు నడుస్తుంది. (చర్చిలోనైనా నడవదా అంటే, కొన్నిచోట్ల నడుస్తుందని సిగ్గుతో ఒప్పుకోవాలి.) పోయేది అవమానం కాదు, ఆ అవమానానికి ప్రభుత్వం ఇచ్చే పరిహారం మాత్రమే.

ఇటువంటివారిని పట్టుకొని పాలపొడి కోసం, గోధుమరవ్వ కోసం మతం మారినవారని నేటికీ ఎగతాళి చేసేవారున్నారు. వారు 1876–78 నాటి కరువు కథ ఒకసారి చదవాలి. ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఆ ఘోర క్షామంలో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకొని వేలమందికి కూలి పని కల్పించాడు. ఆ కాలమంతా, బాప్తిస్మం ఇమ్మని ఎందరు అడిగినా ఆయన ఇవ్వలేదు. అన్నం కోసం వస్తున్నారేమోనన్న అనుమానం అందరికన్నా ముందు ఆయనకే కలిగింది. సహాయపు పని ముగిసి, పంచడానికి ఏమీ లేదని చెప్పిన తరువాత కూడా జనం వెనుదిరగలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఆ తరువాత వారికి లభించినదేమిటో కూడా చెప్పుకోవాలి. ఆ ప్రాంతపు మాదిగ విశ్వాసులు జాతరలలో డప్పు కొట్టమన్నారు. చచ్చిన పశువు మాంసం తినమన్నారు. ఆదివారం పనికి రామన్నారు. ఇవి చిన్న మాటలు కావు. ఊరికి చేసే ఆ సేవలకు ప్రతిఫలంగానే కళ్ళంలో గింజలు, ‘మేర’ అనే పేరుతో, వారికి కొలిచేవారు. సేవ మానితే మేర ఆగుతుంది. ఆగింది. నీళ్ళు కూడా ఆపారు. బ్యాంకులో డబ్బున్నవాడు పది వేలు దానం చేయడానికి, రేపటి గింజ ఎక్కడనుండి వస్తుందో తెలియనివాడు ఉన్న ఒక్క ఆధారాన్ని వదులుకోవడానికి నడుమ ఎంత దూరమున్నదో ఆలోచించండి. సువార్తలలోని ధనికుడైన యువకుడు ఆస్తిని విడువలేక దుఃఖంతో వెళ్ళిపోయాడు. విడవడానికి ఆస్తే లేని ఈ జనం తమ కూటినే విడిచారు.

ఆ మిషను పనే కృష్ణ దాటి మన నిజాం తాలూకాలకూ వచ్చింది. వచ్చినవారు మాత్రం అమెరికన్లు కారు. నాటి రష్యా సామ్రాజ్యపు దక్షిణ భాగంలో, అంటే నేటి ఉక్రెయిన్‌లో, వ్యవసాయం చేసుకొనే మెన్నొనైటు శాఖవారు. అబ్రహాం ఫ్రీసెన్ 1890 ప్రాంతంలో నల్లగొండలోను, శతాబ్దం మారే వేళకు అబ్రహాం హ్యూబర్టు సూర్యాపేటలోను పని ప్రారంభించారు. వారిని పోషించినవి కలిగిన గ్రామాలు. గోధుమ పండించే గ్రామాలు. 1917 విప్లవం, తదుపరి అంతర్యుద్ధంలో ఆ గ్రామాల భూములు, పశువులు, పిండి మరలు పోయాయి. వేలాది కుటుంబాలు కట్టుబట్టలతో కెనడా చేరాయి. దాతలు దరిద్రులైనారు గాని, సూర్యాపేటలో వారు మొదలుపెట్టిన ఆరాధన ఆగలేదు. దీన్ని చరిత్ర పుస్తకాలు పెద్దగా పట్టించుకోలేదు.

ఇంత వెల చెల్లించినవారి మనుమలకు నేడు వినిపిస్తున్నదేమిటి? విజయవాడ రహదారి వెంట గోడల మీద ఆశీర్వాద సభల ప్రకటనలు చూడండి. నమ్మితే కారు, నమ్మితే మేడ, నమ్మితే విదేశపు వీసా. కానుక ఎంత పెద్దదైతే ఫలం అంత పెద్దదట! ఇది వడ్డీ వ్యాపారం. దీనికి వాక్యం పేరు పెట్టడం నాకు మింగుడుపడదు. సిలువను నిచ్చెనగా వాడుకొనే బోధకునికన్నా, బి.సి. – సి పత్రం జేబులో పెట్టుకొని నిలబడ్డ హమాలీకి సువార్త ఎక్కువ తెలుసు.

అయితే పత్రంలో హిందువనీ, ఇంట్లో క్రైస్తవులమనీ బతికేవారి మాటేమిటి? విశ్వాసం లేకుండా కేవలం రిజర్వేషను లాభం కోసం మతం పేరు చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని సుప్రీంకోర్టు 2024 నవంబరు 26న, పుదుచ్చేరికి సంబంధించిన సెల్వరాణి కేసులో తీర్పు చెప్పింది. న్యాయస్థానం ముందున్నది ఒక వ్యక్తి సత్యసంధత. నా ముందున్న ప్రశ్న వేరు. ఒక బిడ్డ చదువు, ఒక ఉద్యోగం, ఒక రక్షణ చట్టం – వీటన్నిటినీ తక్కెడలో ఒక వైపు వేసి, రెండవ వైపు దేవుని పేరు పెట్టి, ఏది కావాలో తేల్చుకొమ్మని పేదవానిని అడిగే అధికారం ప్రభుత్వానికి ఎక్కడిది? ఆ తక్కెడ ముందు తలవంచినవానిని నేను నిందించలేను. అతని స్థానంలో నేనుంటే ఏమి చేసేవాడినో నాకు తెలుసు కనుక. తలవంచనివానిని మాత్రం గౌరవించకుండా ఉండలేను. అతని త్యాగాన్ని పొగిడి, ఆ తక్కెడను అలాగే ఉంచడం కూడా అన్యాయమే. ఆ నిబంధనను తొలగించమని రంగనాథ మిశ్రా కమిషను 2007లోనే సిఫారసు చేసింది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2023 మార్చిలో క్రైస్తవ దళితుల పక్షాన తీర్మానం చేసింది.

ఉర్దూ విభాగపు మిత్రులకు ఈ విషయం పరాయిది కాదు. అదే 1950 ఉత్తర్వు ముస్లిములలోని అట్టడుగు వృత్తులవారినీ బయట నిలబెట్టింది. మక్కాలో సంపాదించినదంతా ఖురైషులకు వదిలి, ఒట్టి చేతులతో మదీనా చేరిన సుహైబ్ రూమీ కథ మీ ఇళ్ళలో పిల్లలకు చెబుతారు. అతన్ని దారిలో అడ్డగించి ఆస్తి అడిగినవారిని ఆ కథలో ఎవరూ మెచ్చుకోరు.

ఆ హమాలీ కుమారుడు మా కళాశాలలోనే చదువు పూర్తి చేశాడు. చివరి సంవత్సరం పరీక్ష ఫీజు గడువు నాడు తండ్రే మిర్యాలగూడ బస్సు దిగి, భుజం మీది తువ్వాలు మూటలోనుండి నలిగిన నోట్లు తీసి లెక్కపెట్టాడు. రశీదు చేతికి వచ్చాక నా దగ్గరికి తెచ్చి, కుమారుని పేరు సరిగా రాశారో లేదో చదివి చెప్పమన్నాడు. ఇంటి పేరు, దాని తరువాత బైబిలు పేరు, రెండూ సరిగానే ఉన్నాయి. చదివి వినిపించాను.